బట్టమేక పిట్ట కూత

ఎనిమిదేండ్లుగా ఇదే ట్రిప్పు నాది.
పొద్దున ఆరింటికి కొండారెడ్డి బురుజు కాడ ఎక్కించుకుంటా,
రాత్రి తొమ్మిదికి అక్కడే దించుతా.
ఇరవై ఆరు సీట్లు, రెండు క్యాన్ల నీళ్లు,
వాంతులోళ్లకు నిమ్మకాయలు, అవి నా ఖర్చే.

గైడులు మారుతుంటారు. ఇప్పుడు సుభాన్.
డిగ్రీ ఫెయిలు, గొంతు మాత్రం పాసు.
బనగానపల్లె దాటంగానే మైకు అందుకుంటాడు:
"గుట్ట మీద చూడండి, నవాబుగారి బంగళా!
కిటికీలెన్నో చెప్పినోళ్లకు ఒక బేనిషా పండు!"
ఇది మామిడికాలం కాదు. వాని దగ్గర పండు లేదు.
అయినా అందరూ లెక్కపెడతారు.

నేను బండి దిగను.
ఆ బంగళా నాకు పక్క అద్దంలోనే తెలుసు,
కుడి ఎడమై, దుమ్ము పట్టి.
ఏ గదిలో కచేరీ, ఏ మెట్టు మీద బేగం ఏడ్చింది
మైకులో విని విని నోటికొచ్చింది.
గుంపు పెద్దదైతే సుభాన్ బేగం విషం తాగుతుంది.
పది మందే ఉంటే
ఊరికే జ్వరమొచ్చి పోతుంది.

ఈసారి చిన్నన్న అయివారు, పంచె మీద స్వెట్టరు.
ఆదోని నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్లు,
ఒకే చీర మూడు రంగుల్లో.
వెనక సీట్లో మోక్షిత, నాలుగో తరగతి.
దేనికైనా "అది నిజమా?" అంటుంది.
మధ్యాన్నానికే సుభాన్‌కు
ఆ పిల్లంటే భయం పట్టుకుంది.

సాయంత్రం రోళ్లపాడు.
గేటు కాడ బోర్డు మీద పిట్ట బొమ్మ,
వానలకు ముక్కు చెరిగింది.
జింకలు కనపడినాయి, దండిగా. సెల్లులు లేచినాయి.
"పక్కూరి కందిచేలు మేసేది ఇవే," అన్నాడు అయివారు.
ఎవరూ వినలేదు.

"అదృష్టముంటే," అన్నాడు సుభాన్,
"బట్టమేక పిట్ట కూడా కనపడుతుంది."
ముందటి గైడులూ ఇదే అన్నారు.
నెపం అదృష్టం మీద పెట్టడం
టికెట్టులోనే కలిసి ఉంటుంది.

"ఎట్ల కూస్తుందన్నా?"
సుభాన్ గొంతు సవరించుకొని కూసినాడు.
నెమలి కూత. అదీ సినిమా నెమలి.
అక్కచెల్లెళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వినారు.
"అది నిజమా?"

అప్పుడు, ఎందుకో, దిగినాను.

మాది ఈ గడ్డికి ఆ తట్టు ఊరే.
కొర్రచేనికి నాయనకు సంగటి మోసేటప్పుడు
గెనిమ మీద నిలబడి ఉండేది.
తెల్లటి మెడ, నల్లటి టోపీ,
పంచాయితీకి ఆలస్యంగా వచ్చే పెద్దమనిషి నడక.
గొంతు కింద తిత్తి ఊదుకొని
మోకాళ్ల దాకా వేలాడేసుకొని కూసేది.
కూత అనను దాన్ని.
ఖాళీ బానలో తల పెట్టి ఎవరినో పిలిచినట్టు.
నాయన ముద్ద చేతిలోనే పట్టుకొని
"మనల్ని కాదులేరా, తిను" అనేవాడు.

చెప్పులు విడిచినాను.
రెండు చేతులూ నోటికి దొన్నె చేసి
పొట్టలోంచి లాగినాను.
హూ... మ్.
మొదటిది దగ్గయింది.
రెండోది జారింది.
మూడోది వచ్చింది,
నా వెనక ఇంకెవరో ఉన్నట్టు.

గడ్డి ఊగింది. గాలికే.
జింకలు తలలెత్తి, మళ్లీ మేతలో పడినాయి.
కరెంటు తీగల కింద పొద్దు కుంకుతా ఉంది.
సుభాన్ మైకు ఆపేసి చంకలో పెట్టుకున్నాడు.
ఎవరి సెల్లూ లేవలేదు.

మోక్షిత దగ్గరికొచ్చింది.
నిజమా అని అడగలేదు.
"ఇంకోసారి కూయి మామా, గట్టిగా.
అది ముసలిదై ఉంటుంది,
చెవులు వినపడవేమో."

బురుజు కాడికి చేరేసరికి పదిన్నర.
ఓనరు ఫోను, ఇంత ఆలస్యమేమప్పా హుసేనప్పా అని.
బండి వేడెక్కింది సార్, అన్నాను.
గొంతు రాలేదు,
రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.